పద్నాలుగో నంబరు పిల్ల

సారలమ్మ రెండో మేకును కూడా నేలలోకి దిగగొట్టి, తాడును దానికి బిగించి, వేలితో మీటి చూసింది. తాడు ఝుమ్మంది. అడుగున చిల్లులు పొడిచిన డబ్బాలో సున్నపు పొడి నింపుకుని, నడుం వంచి, డబ్బాను అరచేత్తో తడుతూ తాడు వెంబడే వెనక్కి నడవసాగింది. ముందుకు నడిస్తే తన కాళ్ళే గీతను తొక్కేస్తాయి. అందుకని ఈ గ్రౌండులో ఆమె నడకలో సగం వెనక్కే. ఆమె ముందు తెల్లటి గీత మెల్లగా సాగుతూ వచ్చింది.

పొట్టి మనిషి. చీర మీద మగవాళ్ళ ఖాకీ చొక్కా, నడుముకు బిగించిన తువ్వాలు. సున్నం తినేసి వేళ్ళ చివర్లు తెల్లగా పొట్టు లేచిపోయి ఉంటాయి. సెంటినరీ కాలనీ క్వార్టర్ల వరుసలు అయిపోయిన చోట ఈ వాలీబాల్ గ్రౌండు. దానికి అవతల ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో తవ్విపోసిన మట్టి గుట్టలు. పొద్దున గీసిన గీత మధ్యాహ్నానికి బూడిదరంగుకు తిరుగుతుంది. బ్లాస్టింగ్ అయ్యాక నల్లటి పొడి పొరలా వచ్చి కూర్చుంటుంది. సాయంత్రం ఆడపిల్లల ప్రాక్టీసు మొదలయ్యేలోగా సారలమ్మ మళ్ళీ నీళ్ళు చల్లి, మళ్ళీ గీస్తుంది. పిల్లలు వచ్చి ఆడి, ఆ గీతలను చెప్పులతో, బూట్లతో చెరిపి వెళ్ళిపోతారు. దానికి ఆమెకు ఎప్పుడూ కష్టం అనిపించలేదు. చెరిగిపోయిన గీత అంటే పిల్లలు బాగా ఆడినట్టు.

ఆమె భర్త పోశం బొగ్గు బాయిలోకి దిగి బొగ్గు నింపేవాడు. కామెర్లు ముదిరి పోయాడు. అతని ఉద్యోగం ఆమెకు వచ్చింది. రామగిరి దగ్గరి పల్లెలో నాట్లు వేయడం తప్ప ఏమీ తెలియని మనిషిని తీసుకొచ్చి గ్రౌండు పనిలో వేశారు. మొదటివారం ఆమె గీసిన గీతలు పాము పాకినట్టు ఉండేవి. తాడు ఒక కొసన కట్టి రెండో కొసకు పోయేలోగా మొదటిది ఊడి వచ్చేది. ఎవరినైనా పిలుద్దామంటే నోరు వచ్చేది కాదు. విధవరాలు, కొత్త మనిషి, చుట్టూ అంతా ప్యాంట్లు వేసుకున్న మగవాళ్ళు. ఒకరోజు అట్లాగే మూడోసారి ఊడిన తాడును పట్టుకుని నిలబడిపోయినప్పుడు, చంకలో జెర్సీల మూట పెట్టుకుని వచ్చిన ఒక పెద్దావిడ, మూటను మెట్ల మీద పెట్టి, ఏమీ అడగకుండా నడిచొచ్చి రెండో కొసను చేతిలోకి తీసుకుంది. గుంజి పట్టుకుని, ఇక గీయమన్నట్టు గడ్డంతో సైగ చేసింది. ఆమె రబియా బీ.

రబియా బీ టైలరు. ఈ చుట్టుపక్కల బడుల జట్లకూ కాలేజీ జట్లకూ జెర్సీల వీపు మీద నంబర్లు కత్తిరించి కుట్టేది. భర్త ఫిట్టరుగా చేసి రిటైరై కాలం చేశాడు. కొడుకు నౌమాన్‌కు బైకుల మెకానిక్కు షాపు. ఇప్పుడు నంబర్లన్నీ కరీంనగర్‌లో మిషన్ల మీద అచ్చు వేయించుకుని వస్తున్నారు కాబట్టి ఆమెకు మిగిలింది చినిగిన నెట్టుల పని. నెట్టు బాగు చేయాల్సిన రోజునా వస్తుంది, చేయాల్సినదేమీ లేని రోజునా వస్తుంది.

ఇవాళ ఆమె గేటు దగ్గరినుంచి స్టోరు గది దాకా రావడానికి చాలాసేపు పట్టింది. దారిలో స్తంభం పట్టుకుని ఒకసారి ఆగింది. సారలమ్మ డబ్బా కింద పెట్టి ఎదురువెళ్ళింది.

“ఏందక్కా, గింత ఆయాసం?”

“ఎండ. జర దమ్ తీసుకోనీ.”

దవాఖానకు పోదామంది సారలమ్మ. రేపు నౌమాన్ తీసుకుపోతానన్నాడనీ, ఇవాళ మాత్రం ఎక్కడికీ పోయేది లేదనీ రబియా బీ చెప్పింది. ఇవాళ ఎందుకు పోదో ఇద్దరికీ తెలుసు. ఇవాళ ఆఖరి భాగం.

రెండు వానాకాలాల కింద మొదలైన అలవాటు అది. ఆ రోజు పొద్దున్నుంచి ముసురు. గ్రౌండంతా నీళ్ళు. గీసే పని లేదు, కుట్టడానికి వెలుతురు లేదు. రబియా బీ ఫోనులో మనుమరాలు, నౌమాన్ కూతురు ఉమేరా ఏదో ఎక్కించి ఉంచింది. డిగ్రీ చదువుతూ కాలేజీ జట్టులో ఆడే పిల్ల. జపాన్‌వాళ్ళ బొమ్మల సీరియల్, అనిమే అంటారట. ఆడపిల్లల వాలీబాల్ జట్టు కథ. తను చూసి ఏడ్చిందనీ దాదీ, అంటే నాయనమ్మ, కూడా చూడాలనీ ఉమేరా పోరు పెట్టింది. సరే చూద్దామని ఫోనును సున్నం డబ్బాకు ఆనించి, చుట్టచుట్టిన నెట్టుల మీద ఇద్దరూ కూర్చున్నారు.

మాట ఒక్కటి అర్థం కాలేదు. కింద ఇంగ్లీషు అక్షరాలు పరిగెత్తుతున్నాయి, అవి ఇద్దరిలో ఎవరికీ రావు. పెద్ద కళ్ళ పిల్ల ఒకతి ఎగురుతోంది, పడుతోంది, ఏడుస్తోంది, మళ్ళీ లేస్తోంది. అందరూ ఆ పిల్లనే చూస్తున్నారు. కాసేపటికి సారలమ్మ చూపు పక్కకు పోయింది. బెంచీ చివర ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఒక చెవి మీదుగా జుట్టు లాగి రెండు పిన్నులు పెట్టుకుంది. చిన్న కళ్ళు. జెర్సీ మీద పద్నాలుగు అంకె. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టేది ఆమే. నీళ్ళ సీసాలు అందించేది ఆమే. చెమట తుడుచుకుని వాళ్ళు విసిరేసిన తువ్వాళ్ళను మడతపెట్టేది ఆమే.

ఆ పిల్ల ఇంటికి పోయి ఏం చేస్తుందో, అని సారలమ్మ పైకే అనేసింది. అన్నాక సిగ్గుపడింది. కానీ రబియా బీ నవ్వలేదు. కళ్ళజోడు పైకి జరుపుకుని, బొమ్మను ఆపించి, ఆ పిల్లను కాసేపు చూసి, పాడుతుంది అని చెప్పింది. కాదు, రైలెక్కుతుంది అంది సారలమ్మ. పని ఉండి కాదు. టికెట్టు తీసుకుని ఆఖరి స్టేషన్ దాకా పోయి, అదే బండిలో తిరిగి వస్తుంది.

అట్లా మొదలైంది. ఆ తర్వాత పెద్ద కళ్ళ పిల్ల గెలుపోటములు వాళ్ళకు పట్టలేదు. ఆమెను చూసుకోవడానికి ఊరంతా ఉంది. వీళ్ళు వెనకవాళ్ళను పంచుకున్నారు. ఓడిపోయి ఒక్క భాగంతోనే వెళ్ళిపోయిన జట్టులో మోకాలికి పట్టీ కట్టుకున్న పొడుగు పిల్ల ఉంది. వీళ్ళ లెక్కలో ఆ పిల్ల పగిలిన బకెట్లలో మిరప మొక్కలు పెంచుతుంది, ఒక్క కాయ కూడా ఎవరినీ తెంపనివ్వదు. ఇంకో జట్టు కోచ్, ఎప్పుడూ మొహం చిట్లించుకునే బట్టతలాయన, ఇంటికెళ్ళి బియ్యంలో రాళ్ళు ఏరుతాడు. పెళ్ళాం చెప్పిందని కాదు, ఆ పనంటే ఆయనకు ప్రాణం. హాలు తుడిచే ముసలాయన అందరూ పోయాక చీపురు పట్టుకునే ఎగురుతాడని రబియా బీ అన్నప్పుడు సారలమ్మ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. పోశం పోయాక అంతలా నవ్వడం అదే మొదలు. నవ్వి, తన గొంతు తనకే కొత్తగా వినిపించి, చుట్టూ చూసింది.

ఉమేరా ఒకసారి వచ్చి విని తల పట్టుకుంది. వాళ్ళకు కథలో ఇల్లే చూపించలేదనీ, పేర్లు కూడా సరిగా లేవనీ చెప్పింది. చూపించకపోతే ఇల్లు లేకుండా ఉంటదా అని వాళ్ళ దాదీ అడిగింది. 

పద్నాలుగో నంబరు దగ్గర మాత్రం ఇద్దరికీ పేచీ తెగలేదు. పాడుతుందని రబియా బీ, రైలెక్కుతుందని సారలమ్మ. ఒకరోజు నెట్టు కుడుతూ కుడుతూ రబియా బీ సూది ఆపి, “నువ్వు ఎన్నడన్న రైలెక్కినవా?” అని అడిగింది.

ఎక్కలేదు. పోశంను కరీంనగర్ పెద్ద దవాఖానకు తీసుకుపోయే బస్సు కోసం పెద్దపల్లిలో దిగినప్పుడు, రైల్వే స్టేషన్ గోడ అవతల బండి పోతుంటే చూసింది. కిటికీల్లో మనుషులు వేరుశనక్కాయలు తింటూ ఉన్నారు. దుఃఖం లేనివాళ్ళు ఇన్ని పెట్టెల నిండా ఉన్నారా అనుకుంది ఆ రోజు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. రబియా బీకి చెప్పింది.

ఆ తర్వాతి ఆదివారం రబియా బీ బుర్ఖా వేసుకుని పొద్దున్నే ఆమె క్వార్టరు ముందు నిలబడి ఉంది. ఇద్దరూ పెద్దపల్లికి పోయి కాగజ్‌నగర్ ప్యాసింజరు ఎక్కారు. కిటికీ సీటు సారలమ్మది. రామగుండం దాటాక గోదావరి మీద వంతెన వచ్చింది. ఇనుప దూలాల చప్పుడుతో పెట్టె అదిరిపోతోంది. కింద ఇసుక మేటల మధ్య నీళ్ళు మెరుస్తున్నాయి. అప్పుడు పక్కన ఏదో వినబడింది. రబియా బీ పాడుతోంది. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు ఢోలక్ ముందు కూర్చుని పాడే పాట. వంతెన ఉన్నంతసేపు పాడి, వంతెన అయిపోగానే ఆపేసింది.

చిన్నప్పుడు తనను పాడమని నలుగురు ఇళ్ళకు పిలిచేవారనీ, పెళ్ళయ్యాక మానేశాననీ ఆమె తర్వాత చెప్పింది. ఎవరూ మానమనలేదు. పాడమన్నవాళ్ళూ లేరు. కాగజ్‌నగర్‌లో దిగి, ప్లాట్‌ఫారం మీద మిర్చిబజ్జీలు తిని, అదే బండి తిరిగి బయలుదేరేదాకా కూర్చుని, ఇంటికి వచ్చారు. వెళ్ళిన పని ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. ఆ రోజు కాలనీలో దిగాక సారలమ్మ ఏదో అనాలనుకుంది. పెద్ద మాట. అది నోట్లోకి రాలేదు. జాగ్రత్తగా పో అక్కా, అని మాత్రం అంది. ఆ వారం పద్నాలుగో నంబరు పిల్ల పేచీ తీరిపోయింది. ఆ పిల్ల రైలెక్కుతుంది, వంతెన మీద ఎవరికీ వినపడకుండా పాడుతుంది.

స్టోరు గదిలో రబియా బీ గోడకు వీపు ఆనించి, కాళ్ళు చాపి, నెట్టును ఒళ్ళోకి లాక్కుంది. మధ్యలో బంతి దూరిపోయేంత చిరుగు. నైలాన్ తాడు సూదికెక్కించి ముడులు వేస్తూనే ఫోను పెట్టమంది. తలుపు దగ్గరికి వేసి సారలమ్మ పక్కన కూర్చుంది.

ఆఖరి మ్యాచ్. హాలు నిండా జనం. పాయింట్లు అటూ ఇటూ పోతున్నాయి. సారలమ్మకు ఒక ఆశ ఉంది, రెండేళ్ళుగా ఉంది. ఆఖర్లోనైనా కోచ్ బెంచీ వైపు తిరిగి ఆ పిల్లను లేపుతాడు. ఒక్కసారి బంతి ఇస్తాడు. కథలు అట్లాగే ఉంటాయి కదా. ఒక పిల్లకు చీలమండ మెలిక పడింది. కోచ్ బెంచీ వైపు తిరిగాడు. సారలమ్మ ముందుకు వంగింది. లేచింది పన్నెండో నంబరు.

మ్యాచ్ అయిపోయింది. పెద్ద కళ్ళ పిల్ల జట్టు గెలిచింది. అందరూ ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తున్నారు. ఆ గుంపు మీదుగా బొమ్మ జరుగుతూ ఉంటే, ఒక మూలన, కన్ను మూసి తెరిచేంతసేపు, పద్నాలుగో నంబరు కనిపించింది. వంగి సీసాలు ఏరుతోంది. తర్వాత పేర్లు పైకి పాకడం మొదలైంది.

సారలమ్మ ఫోనును బోర్లా పెట్టేసింది.

“రెండేండ్ల సంది ఎదురుచూసిన. ఒక్కపారి దింపితే వాళ్ళ సొమ్మేం పోతుండె?”

రబియా బీ ముడి బిగించి, తాడు పళ్ళతో తెంపింది. కొంచెంసేపు ఊపిరి తీసుకుంది.

“దింపకపోతే ఏమాయె? ఆ పిల్లకు ఆట ఒక్కటేనా ఉన్నది? ఇప్పుడు సామాన్లు సదిరి స్టేషన్‌కు పోతది. ఇయ్యాల సీటు దొరకది, తలుపు కాడ నిలబడతది. వంతెన వస్తది.”

“గని ఎవ్వరు చూడకపాయె గదక్కా ఆమెను.”

“నువ్వు చూసినవ్. నేను చూసిన. గది సాలదా?”

  సారలమ్మకు తను తాడు పట్టుకుని దిక్కులేక నిలబడ్డ రోజు గుర్తొచ్చింది. ఆ రోజు ఈ గ్రౌండులో చాలామంది ఉన్నారు. చూసింది ఒక్క మనిషి.

“గెలిసినోళ్ళకు ఈ రాత్రి నిద్ర పట్టది,” అంది రబియా బీ. “ఆ పిల్ల మంచిగ పంటది.”

గీతలు మళ్ళీ వేయాల్సిన వేళ దాటుతోంది. బ్లాస్టింగ్ ఇవాళ ఆలస్యమైంది, అది అయ్యేదాకా ఆగితే పిల్లలు వచ్చేస్తారు. సారలమ్మ డబ్బా తీసుకుని లేచింది. రబియా బీ కూడా లేవబోతే వద్దని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. రెండో కొసకు మేకు కొట్టుకుంటానంది. సరే పో, ఇంకో రెండు ముడులే, అంది రబియా బీ.

సారలమ్మ నీళ్ళు చల్లి, తాడును రెండు మేకులకూ కట్టి, వెనక్కి నడుస్తూ పొడి రాలుస్తోంది. స్టోరు గది కిటికీలోంచి పాట వస్తోంది. చిన్నగా, ముక్కుతో. వంతెన లేదు, రైలు చప్పుడు లేదు, గ్రౌండు ఖాళీగా ఉంది, అయినా పాడుతోంది. సారలమ్మ అడుగులు వాటంతట అవే నెమ్మదించాయి. ఈ గీత ఎంత పొడుగు ఉంటే అంత బాగుండు అనిపించింది. మూల తిరిగి రెండో గీత మొదలుపెట్టేసరికి పాట ఆగింది. ముడి దగ్గర ఆపి ఉంటుంది అనుకుంది.

అప్పుడు గుట్టల అవతల బ్లాస్టింగ్ జరిగింది. కాళ్ళ కింద నేల ఒకసారి కదిలి, స్టోరు గది కప్పు రేకులు గలగలమన్నాయి. వేప చెట్టు మీది పిచ్చుకలన్నీ లేచిపోయాయి. బ్లాస్టింగ్ అయినప్పుడల్లా రబియా బీ గదిలోంచి, నా ముడి కదిలించినరు, వీళ్ళ చేతులు పడిపోను, అని తిడుతుంది. సారలమ్మ ఆ తిట్టు కోసం చిరునవ్వుతో ఆగింది. పిచ్చుకలు తిరిగొచ్చి కూర్చున్నాయి. డబ్బా కింద పెట్టి గదిలోకి నడిచింది.

రబియా బీ గోడకు ఆనుకునే ఉంది. తల కొద్దిగా కిటికీ వైపు వాలింది. నెట్టు ఒళ్ళో ఉంది. సూది నేల మీదికి జారింది. మొహం మీద నొప్పి జాడ లేదు. ఎవరో చెప్పేది వింటున్నట్టు ఉంది.

సారలమ్మ ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది. మణికట్టు పట్టుకుని చూసింది. పోశం దగ్గర అవన్నీ నేర్చుకున్న మనిషి. అరవలేదు. జారిన కొంగును ఆమె తల మీదికి సర్ది, పక్కన కూర్చుని, ఇంకా వెచ్చగా ఉన్న ఆ చేతిని తన సున్నం చేతుల మధ్య పెట్టుకుంది.

“నన్ను మంచిగ చూసుకున్నవక్కా,” అంది.

కాగజ్‌నగర్ నుంచి వచ్చిన రోజు రాని మాట ఇది. ఇప్పుడు ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి ఆమెకే ఆశ్చర్యం వేసింది.  తర్వాత ఫోను తీసి, ఉమేరా ఫొటో ఎక్కడుందో వెతికి, దాని మీద నొక్కింది.

నౌమాన్ ఆటో తెచ్చాడు. నిన్ననే తీసుకుపోవాల్సింది అని అదే మాట తిరగేసి తిరగేసి అంటున్నాడు. సారలమ్మ అతని వీపు మీద చెయ్యి వేసి, నిన్న పోదామన్నా ఆమె వచ్చేది కాదని చెప్పింది. అది నిజం కూడా. ప్రాక్టీసుకు వచ్చిన పిల్లలు సగం గీసిన కోర్టు బయటే నిలబడిపోయారు. ఒక్కరూ లోపల అడుగు పెట్టలేదు. ఉమేరా బూట్లతోనే పరిగెత్తుకొచ్చింది. దాదీ పాదాల దగ్గర కూర్చుని చాలాసేపు ఏడ్చి, ఆఖరికి తలెత్తింది.

“దాదీ ఏమన్న అన్నదా, అమ్మా?”

“పద్నాలుగో నంబరు పిల్ల ముచ్చట చెప్పింది. మంచిగ పంటది అన్నది. తర్వాత పాడింది.”

ఉమేరా ఏడుపు ఆగింది. “దాదీ పాడుతదా?”

“పాడుతది బిడ్డా. బగ్గ మంచిగ పాడుతది.”

తనకు తెలియదని ఉమేరా అంది. ఒకే ఇంట్లో పుట్టినప్పటి నుంచీ ఉన్నాననీ, ఒక్కసారి కూడా వినలేదనీ అంది. తాను విన్నదంతా, వంతెన మీద విన్నదీ ఇవాళ విన్నదీ, ఎట్లా ఉండేదో చెప్తానంది సారలమ్మ. పాట తనకు రాదు, భాష రాదు, కానీ ఎక్కడ లేచేదో ఎక్కడ దిగేదో చెప్పగలదు.

మర్నాడు మధ్యాహ్నం జొహర్ నమాజు అయ్యాక జనాజా, పాడె, లేచింది. ఆడవాళ్ళు కబరస్తాన్‌కు పోరు కాబట్టి సారలమ్మ వాకిట్లో ఉమేరా పక్కన నిలబడి, మూల తిరిగేదాకా చూసింది. రబియా బీ జీవితంలో పెద్దగా ఏమీ జరగలేదని అక్కడ కూర్చున్న ఆడవాళ్ళలో ఒకామె అంటోంది. పాపం, ఎక్కడికీ పోలేదు, ఏమీ చూడలేదు అంటోంది. సారలమ్మ ఆమెను కాదనలేదు. ఉమేరా మాత్రం సారలమ్మ వైపు చూసి, ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆ తర్వాతి పొద్దున సారలమ్మ మామూలు వేళకే డ్యూటీకి వచ్చింది. గేటు తీసి, కోర్టు ఊడ్చి, నెట్టు కట్టడానికి స్టోరు గది తెరిచింది. చిరుగు పూర్తిగా మూసుకుపోయి ఉంది. కొత్త ముడులు పాతవాటికన్నా కొంచెం తెల్లగా ఉన్నాయి. నెట్టును విప్పుదామని దులిపితే, మడతల్లోంచి ఏదో చిన్నది గచ్చు మీద పడి దొర్లుకుంటూ పోయి గోడకు తగిలి ఆగింది.

అది సూది గుచ్చుకోకుండా రబియా బీ వేలికి తొడుక్కునే ఇత్తడి తొడుగు. పైనంతా సూది తల ఆనేందుకు పొడిచిన సన్నటి గుంటలు, ఒక పక్కన అవి అరిగి నున్నబడిపోయాయి. సారలమ్మ దాన్ని తన వేలికి పెట్టి చూసుకుంది. సున్నంతో మొద్దుబారిన వేలికి అది కణుపు దగ్గరే ఆగిపోయింది. ఉమేరా వచ్చినప్పుడు ఇద్దామని తీసి కిటికీలో పెట్టి, నెట్టు భుజాన వేసుకుని బయటికి నడిచింది. వెనక కిటికీలో, గుట్టల మీదుగా వచ్చిన ఎండ ఆ ఇత్తడి గుంటల్లో ఒక్కొక్కదాన్నీ వెలిగిస్తూ, అరిగిన పక్కకు వచ్చి నిలిచింది.